చక్కెరలో గులకరాళ్లు

కేరళలో కిరాణా కొట్టుకెళ్లి ‘శర్కర’ కావాలంటే బెల్లం తూచి ఇస్తారు. టీలో వేసుకునే తెల్లది కావాలంటే ‘పంచసార’ అని అడగాలి. గుజరాత్ వంటింట్లో ‘సాకర్’ అంటే పటికబెల్లం, చక్కెరని ‘ఖాండ్’ అంటారు. పంజాబ్‌లో ‘శక్కర్’ అంటే పొడిబెల్లం. మరాఠీల ‘సాఖర్’, కన్నడిగుల ‘సక్కరె’ మాత్రం తెల్ల చక్కెరే. ఇక మన చక్కెర పొంగలి సంగతి చెప్పనక్కర్లేదు. పేరులో చక్కెర ఉంటుంది, చాలా ఇళ్లలో గిన్నెలో పడేది మాత్రం బెల్లం.

ఇవన్నీ ఒకే సంస్కృత పదానికి పుట్టిన పిల్లలు. ఆ పదం ‘శర్కర’. ఇంత దగ్గరి భాషల్లో, ఇంచుమించు ఒకే పంట పండే నేలల్లో, ఒకే మాట బెల్లానికి, పటికబెల్లానికి, తెల్ల చక్కెరకు వేరువేరుగా ఎలా అతుక్కుంది? ఎవరో ఒకరు తప్పుగా వాడుతున్నారని అనుకోవడం తేలిక. కానీ ఎవరి వాడకమూ తప్పు కాదు. ఆ మాట మొదట్లో ఏ వస్తువుకూ సొంత పేరు కాదు. వస్తువు ఏ స్థితిలో ఉందో చెప్పే మాట అది. ఇంకా చెప్పాలంటే అందులో మొదట తీపే లేదు.

వైదిక సంస్కృతంలో శర్కర అంటే గులకరాయి, కంకర, గరుకు ఇసుక. శతపథ బ్రాహ్మణం అనే వైదిక గ్రంథంలో భూమి ఎలా గట్టిపడిందో చెప్పే చోట నురుగు, బంకమట్టి, ఇసుక, శర్కర, రాయి వరుసగా వస్తాయి. అక్కడ శర్కర ఇసుకకూ బండకూ మధ్య మెట్టు. వైద్య గ్రంథాల్లోనూ ఇదే అర్థం సాగింది. మూత్రంలో రాళ్లు పడే జబ్బు గురించి చెప్పేటప్పుడు సుశ్రుతుడు పెద్ద రాయిని ‘అశ్మరి’ అన్నాడు, చూరచూరగా పడేదాన్ని ‘శర్కర’ అన్నాడు, ఇంకా సన్నదాన్ని ‘సికత’, అంటే ఇసుక, అన్నాడు. బౌద్ధుల పాళీ భాషలో ‘సక్ఖరా’ అంటే గులకరాయీ అవుతుంది, చక్కెరా అవుతుంది. ఏది అనేది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే.

రాయి పేరు తీపికి ఎలా వచ్చిందో తెలియాలంటే చెరకు గానుగ దగ్గరికి వెళ్లాలి. రసం పిండి పెద్ద పెనంలో పోసి కాస్తారు. పైకి తేలే తెట్టు తీసేస్తూ ఉంటారు. నీరు ఇగిరి పాకం చిక్కబడ్డాక దించి, కలియబెట్టి, అచ్చుల్లో పోస్తే బెల్లం. అనకాపల్లి చుట్టుపక్కల బెల్లం వండే రైతుకు ఇది చెప్పాల్సిన పనిలేదు. అదే పాకాన్ని కదపకుండా నెమ్మదిగా చల్లారనిస్తే వ్యవహారం మారుతుంది. తీపి ముద్దకట్టకుండా పలుకులు పలుకులుగా విడిపోతుంది, వాటి చుట్టూ నల్లటి మడ్డి మిగులుతుంది. ఆ మడ్డిని కారిపోనిస్తే చేతికి దొరికేది గోధుమరంగు గరుకు పలుకులు. గుప్పెట్లో పట్టి నలిపితే సన్న కంకర నలిపినట్టే ఉంటుంది. ఉత్తరాదిలో ఖండసారి అనే నాటు చక్కెర చేసేవాళ్లు ఈ పలుకుల మీద తడి నాచు పరిచేవారు. నాచులోని నీరు మెల్లగా కిందికి దిగుతూ మిగిలిన మడ్డిని కూడా కడిగేసేది, పైపొర తెల్లబడేది. ఇలా పలుకు కట్టిన తీపికే శర్కర అని పేరు పెట్టారు. తియ్యగా ఉందని కాదు, రాళ్లలా ఉందని.

ఆనాటి వాళ్లకు ఈ దశలన్నిటికీ వేరే వేరే పేర్లు ఉండేవి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఒకేచోట ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని వరుస కనిపిస్తుంది. ఫాణితం చిక్కటి పాకం. గుడం అంటే ఉండ, అంటే బెల్లం. మత్స్యండిక చేపగుడ్లలా సన్నగా పలుకు కట్టింది. ఖండం అంటే ముక్క. చివరిది శర్కర. వైద్యులు కూడా ఈ వరుసలో ముందుకెళ్లేకొద్దీ శుభ్రత పెరుగుతుందని చెప్పారు. ఐదు పేర్లలో ఒక్కటి కూడా రుచిని పట్టుకోలేదు. ఉండ, గుడ్డు, ముక్క, రాయి, అన్నీ చేతికి, కంటికి తగిలేవే. తర్వాత ప్రపంచమంతా తిరిగిన తీపి మాటలన్నీ దాదాపు ఈ వరుసలోంచి బయల్దేరినవే. ఏ దేశానికి ఏ దశలోని సరుకు ముందు చేరిందో, ఆ దశ పేరు అక్కడ స్థిరపడింది.

తేనెటీగలు లేని తేనె

చెరకును తోటపంటగా మొదట మచ్చిక చేసింది న్యూగినీ దీవి జనం. అయితే రసం నుంచి పలుకు తీసే విద్య బాగా ముదిరింది భారతదేశంలో. అలెగ్జాండర్ నౌకాదళాధిపతి నియార్కస్ ఇక్కడి రెల్లు లాంటి మొక్కల్లో తేనెటీగలు లేకుండానే తేనె వస్తుందని రాశాడని గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో చెబుతాడు. దానికి గ్రీకుల దగ్గర పేరు లేదు. తమకు తెలిసిన తీపి తేనె కాబట్టి ఆ మాటతోనే సరిపెట్టుకున్నారు.

మూడొందల ఏళ్లు గడిచేసరికి పేరు కూడా ఓడెక్కింది. క్రీస్తుశకం 1వ శతాబ్దపు ఎర్రసముద్ర నావికుల మార్గదర్శిని ‘పెరిప్లస్’లో, భారత పశ్చిమ తీరం నుంచి ఆఫ్రికా కొమ్ము రేవులకు పోయే సరుకుల్లో ‘సాక్ఖరి అనబడే రెల్లు తేనె’ ఉంది. అదే శతాబ్దంలో గ్రీకు వైద్యుడు డయాస్కోరిడీస్ ‘సాక్ఖరోన్’ అనేది గడ్డకట్టిన తేనె అనీ, ఉప్పులా పళ్లకింద విరుగుతుందనీ రాశాడు. రోమన్ రచయిత ప్లీనీ దాన్ని మందుకు మాత్రమే వాడతారని చెబుతూ, అరేబియాది కంటే భారతదేశంది మేలని మార్కులు కూడా వేశాడు. ఆయన చెప్పిన ముక్కల్లో పెద్దది హేజెల్‌నట్ అనే చిన్న గింజ పరిమాణంలో ఉండేదట. ఇంత తీపి సరుకును రోమ్‌లో ఒక్క వంటవాడు కూడా ముట్టలేదంటే ఈ రోజు వింతగా ఉంటుంది. కానీ దూరం నుంచి కొద్దికొద్దిగా వచ్చే సరుకు ఎక్కడైనా ముందు మందుల కొట్లోకే వెళుతుంది.

గ్రీకులు తీసుకున్నది సంస్కృతపు శర్కరను కాదని గమనించాలి. మధ్యలో ‘ర్క’ పోయి ‘క్ఖ’ వచ్చింది. అంటే వాళ్లు విన్నది పండితుల మాట కాదు, రేవుల్లో సరుకు దించేవాళ్ల, బేరం చేసేవాళ్ల ప్రాకృతం. చాలా వాణిజ్య పదాలు ఇలాగే శాస్త్రగ్రంథాల్లోంచి కాకుండా అంగట్లోంచి బయటికెళ్లాయి.

అయితే ఈ రోజు యూరప్ వంటింట్లో ఉన్న మాట ఎక్కువగా ఈ గ్రీకు దారిన వచ్చింది కాదు. ఇంకో దారి భూమి మీద నడిచింది. ప్రాకృత మాట పారశీకంలో ‘శకర్’ అయింది. ఇప్పటి ఇరాన్‌లోని ఖూజిస్తాన్ ప్రాంతంలో చెరకు సాగు, చక్కెర తయారీ పెద్ద ఎత్తున సాగాయి. క్రీ.శ. 628లో బైజాంటియన్ చక్రవర్తి హెరాక్లియస్ పారశీక రాజు ఖుస్రో భవనాన్ని కొల్లగొట్టినప్పుడు పట్టు, మిరియాలు, అల్లంతో పాటు చక్కెర కూడా దొరికిందని బైజాంటియన్ చరిత్రకారుడు థియోఫనీస్ లెక్కచెప్పాడు. రాజు కొలువులో కొల్లగొట్టదగ్గ సొమ్ముల్లో చక్కెర ఒకటన్నమాట. ఆ తర్వాత కొన్నేళ్లకే అరబ్బులు పారశీకాన్ని జయించారు. మాట ‘సుక్కర్’ అయింది. చెరకు వాళ్లతో పాటు ఈజిప్టుకు, సిసిలీకి, స్పెయిన్‌కు నడిచింది.

స్పెయిన్‌లో ఏం జరిగిందో చూడండి. అరబ్బీలో వస్తువు పేరుకు ముందు ‘అల్’ చేరుతుంది. తర్వాతి హల్లు ‘స’ అయితే ‘అల్ సుక్కర్’ కాస్తా ‘అస్సుక్కర్’గా పలుకుతారు. శతాబ్దాల పాటు అరబ్బుల పక్కనే బతికిన స్పానిష్, పోర్చుగీసు జనం ఆ ‘అ’ కూడా మాటలో భాగమే అనుకుని స్పానిష్‌లో ‘అజూకర్’, పోర్చుగీసులో ‘అసూకర్’ చేసేసుకున్నారు. ఇటలీ వర్తకులు మాత్రం సరుకు కొన్నారు గానీ పొరుగింట్లో కాపురం చేయలేదు. వాళ్ల మాట ‘జుక్కెరో’లో ఆ ‘అ’ లేదు. పత్తి విషయంలోనూ ఇదే తేడా కనిపిస్తుంది, స్పానిష్‌లో ‘అల్గోదోన్’, ఇటాలియన్‌లో ‘కొతోనె’. మాట ముందు ఒక్క అచ్చు ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఎవరు పక్కింటివాళ్లో, ఎవరు కొనుగోలుదారులో చెప్పొచ్చు. పోర్చుగీసుల వెనక ఫ్రెంచ్ ‘సుక్ర్’, జర్మన్ ‘సుకర్’, ఇంగ్లిష్ ‘షుగర్’ వరస కట్టలేదు. అవన్నీ ఇటలీ దారినే వెళ్లాయి. 1099లో జెరూసలేం కోసం యుద్ధానికి బయల్దేరిన యూరప్ క్రూసేడర్లు లెబనాన్ తీరపు ట్రిపోలీ దగ్గర ఆకలితో పొలాల్లోని తియ్యటి రెల్లు నమిలారనీ, స్థానికులు దాన్ని ‘జూక్ర’ అంటారనీ చరిత్రకారుడు ఆల్బర్ట్ ఆఫ్ ఆహెన్ రాశాడు. చెరకు గడ తెలియనివాళ్లు దాన్ని మొదటిసారి నమిలితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

రష్యన్లు వేరే గుమ్మంలోంచి తెచ్చుకున్నారు. వాళ్ల ‘సాఖర్’ గ్రీకు సాక్ఖరోన్ మనవడు. అందుకే అది ఇంగ్లిష్ షుగర్ కంటే మరాఠీ సాఖర్‌కే దగ్గరగా వినిపిస్తుంది. అది కాకతాళీయమే, మాస్కో పుణె నుంచి ఏమీ తెచ్చుకోలేదు. టర్కీలో ‘షెకర్’, తూర్పు ఆఫ్రికా స్వాహిలీలో ‘సుకరి’ అరబ్బీ పారశీకాల నుంచి వెళ్లినవి. రంజాన్ పండగను టర్కీలో చాలామంది ‘షెకర్ బైరామ్’ అనే పిలుస్తారు. పిల్లలకు పంచే మిఠాయిల మీదుగా వచ్చిన పేరు.

ఇంగ్లిష్‌లో ఇంకో చమత్కారం ఉంది. ఆ భాషలో బెల్లాన్ని ‘జాగరీ’ అంటారు. ఇది పోర్చుగీసు వాళ్లు మలబారు తీరంలో మలయాళం ‘చక్కర’ విని చేసుకున్న మాట, అక్కడి నుంచి ఇంగ్లిష్‌కు చేరింది. మలయాళంలో ఆ మాటకు బెల్లం అన్న అర్థమే కాబట్టి ఇంగ్లిష్‌లోనూ బెల్లమే అయింది. అంటే షుగర్, జాగరీ రెండూ శర్కరే. ఒకటి బాగ్దాద్, వెనిస్ చుట్టి వచ్చింది, ఇంకోటి కొచ్చిన్‌లో తిన్నగా ఓడెక్కింది. ‘షుగర్ మానేసి జాగరీ వాడండి’ అని ఇప్పుడు ఆరోగ్య శీర్షికల్లో తెగ సలహాలిస్తున్నారు. మాటల లెక్కలో చూస్తే శర్కర మానేసి శర్కర తినమన్నట్టే. పోషక విలువల లెక్కలోనూ తేడా జనం అనుకున్నంత పెద్దది కాదు. బెల్లంలోనూ ఎక్కువ భాగం అదే సుక్రోజ్.

ముక్క పేరు ముక్కకే

శర్కరకు పక్కన నిలబడిన ‘ఖండం’ కూడా తక్కువ తిరగలేదు. పారశీకంలో అది ‘కంద్’ అయింది. ఇరాన్‌లో ఇప్పటికీ ఈ రెంటికీ తేడా పాటిస్తారు. పొడిగా, పలుకులుగా ఉండేది శకర్, గడ్డగా ఉండేది కంద్. టీ తాగేటప్పుడు కంద్ ముక్క పళ్ల మధ్య పెట్టుకుని దాని మీదుగా చేదు టీ పీలుస్తారు. పెళ్లిలో వధూవరుల తలల మీద బట్ట పట్టుకుని, రెండు పెద్ద కంద్ దిమ్మల్ని ఒకదానికొకటి రుద్ది తీపి రాలుస్తారు. రెండు వేల ఏళ్ల కిందట అర్థశాస్త్రంలో పలుకుకూ ముక్కకూ ఉన్న తేడా టెహ్రాన్‌లో ఇంకా చెక్కుచెదరలేదు. మన దగ్గరే కలిసిపోయింది.

అరబ్బీలో ఈ మాటకు విశేషణం చేస్తే ‘కందీ’. ఫ్రెంచ్‌లో ‘సుక్ర్ కాందీ’ అన్నారు, అంటే ముక్కల చక్కెర. ఇంగ్లిష్‌లో ముందు భాగం రాలిపోయి ‘క్యాండీ’ మిగిలింది. పాన్‌లో వేసే గుల్కంద్ కూడా ఇదే ఇంటిది. గుల్ అంటే గులాబీ, కంద్ అంటే చక్కెర. పాలు విరిచి చేసే కలాకండ్‌లోనూ ఇదే కంద్ ఉంది. ఒక్కచోట మాత్రం జాగ్రత్తగా ఉండాలి. హిందీ, ఉర్దూల్లో చిలగడదుంపను ‘శకర్‌కంద్’ అంటారు. అందులో శకర్ మన చక్కెరే గానీ కంద్ మాత్రం దుంప అనే అర్థమున్న సంస్కృత ‘కంద’. మన కంద గడ్డ కూడా ఆ కంద నుంచే. ఒకేలా వినిపించే ప్రతి మాటనూ చుట్టం అనుకుంటే ఇలాంటి చోట దొరికిపోతాం.

పలుకు పెద్దదై గాజుముక్కలా మెరిసే రకానికి దక్షిణాదిలో పెట్టిన పేర్లు ఇంకా ముచ్చటగా ఉంటాయి. తమిళంలో ‘కఱ్కండు’, కన్నడలో ‘కల్లుసక్కరె’. ‘కల్’ అంటే రాయి. తెలుగు కలకండ ఆ కఱ్కండుకు తోబుట్టువే. శర్కరలో రాయి ఉందన్న సంగతి జనం ఎప్పుడో మరిచిపోయారు, అందుకని కన్నడ వాళ్లు దాని ముందు మళ్లీ ఇంకో రాయి తెచ్చి పెట్టారు. తెలుగు ‘పటికబెల్లం’లో మాత్రం పటికా లేదు, బెల్లమూ లేదు. చూడటానికి పటికలా ఉంటుంది, తింటే తియ్యగా ఉంటుంది, అంతే. ఆ పటిక కూడా ‘స్ఫటికం’ నుంచి వచ్చిందే. స్ఫటికంలా ఉన్న వస్తువుకు స్ఫటికం పేరే పెట్టిన తెలుగువాళ్లు కెమిస్ట్రీ పుస్తకం చూడకుండానే సరిగ్గా చెప్పారు.

చీనా, మిశ్ర్

ఉత్తరాదిలో చక్కెరకు మాట ‘చీనీ’, అంటే చైనాది. పటికబెల్లానికి ‘మిశ్రీ’, అంటే ఈజిప్టుది. అరబ్బీలో ఈజిప్టు పేరు మిస్ర్. పలుకు తీసే విద్యను ప్రపంచానికి నేర్పిన దేశం, తన చక్కెరనే పరాయి దేశాల పేర్లతో పిలుచుకుంటోంది. దీన్ని చూసి అవమానం అనుకునేవాళ్లున్నారు. అసలు జరిగింది అంతకంటే ఆసక్తికరం.

క్రీ.శ. 647లో తాంగ్ వంశపు చక్రవర్తి తైజోంగ్ చక్కెర వండే పద్ధతి నేర్చుకు రమ్మని మగధకు మనుషుల్ని పంపాడని ఆ వంశపు అధికారిక చరిత్ర చెబుతుంది. వాళ్లు తిరిగొచ్చాక యాంగ్‌జౌ చెరకుతో చేయిస్తే రంగులోనూ రుచిలోనూ పడమటి దేశాల సరుకును మించిందని కూడా రాసుకున్నారు. ఈ పాఠం ఎలా వెళ్లిందో చూపించే ఒక కాగితం చైనాలోని డన్‌హువాంగ్ గుహల్లో దొరికి ఇప్పుడు పారిస్‌లో ఉంది. బౌద్ధ గ్రంథం రాసిన కాగితం వెనకవైపు, చెరకు రకాలు, చక్కెర చేసే తీరు ఎవరో నోట్సులా రాసుకున్నారు. అందులో చైనా భాషలో అర్థం లేని మూడు అక్షరాలు పదేపదే వస్తాయి, ఇప్పటి ఉచ్చారణలో ‘షా గె లింగ్’. చాలాకాలం అదేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. సంస్కృతం చదువుకున్న చైనా పండితుడు జీ షియన్‌లిన్ (1911–2009) అది ‘శర్కర’కు చైనా లిపిలో రాసుకున్న ఉచ్చారణ అని తేల్చాడు. సరుకుతో పాటు, విద్యతో పాటు మాట కూడా ఒకసారి అక్కడి దాకా వెళ్లింది. కానీ నిలవలేదు. చైనా వాళ్లు ‘షాతాంగ్’ అన్నారు, ఇసుక చక్కెర అని. గడ్డగా ఉండేదాన్ని ‘షిమి’ అన్నారు, రాతి తేనె అని. జపాన్ వాళ్ల ‘సతో’ ఆ షాతాంగే. శబ్దం పోయినా ఇసుక, రాయి అన్న ఊహ మాత్రం అక్కడా కుదురుకుంది. ఆ పలుకుల్ని చేత్తో ముట్టుకున్నవాళ్లకు వేరే ఊహ రావడం కూడా కష్టమే.

తర్వాత శిష్యులు గురువును దాటారు. మార్కోపోలో కథనంలో ఒక చోట, కుబ్లాయ్ ఖాన్ కొలువులో ఉన్న కైరో మనుషులు ఫుజియాన్ ప్రాంతం వాళ్లకు కొన్ని చెట్ల బూడిదతో చక్కెర శుద్ధి చేయడం నేర్పారని ఉంది. 14వ శతాబ్దంలో మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా చైనా చక్కెర ఈజిప్టు చక్కెరకు సాటి వస్తుందని, ఇంకా మెరుగు కూడా అని మెచ్చుకున్నాడు. మధ్యయుగాల ప్రపంచంలో తెల్లటి మేలురకం చక్కెరకు పోల్చిచెప్పే రెండు దేశాలు ఇవే. ఉత్తర భారతంలో చీనీ, మిశ్రీ అన్నవి అచ్చం మేలురకం సరుకు పేర్లు. నాటు పద్ధతిలో చేసిన గోధుమరంగు శక్కర్ నుంచి విడదీసి చెప్పడానికి కొత్త తెల్ల సరుకుకు ఊరి పేరు పెట్టారు. పాతది శక్కర్‌గానే ఉండిపోయింది. అందుకే పంజాబ్‌లో శక్కర్ అంటే ఇవాళ్టికీ పొడిబెల్లం. హిందీలో పింగాణీని ‘చీనీ మిట్టీ’ అనడమూ ఇదే లెక్కన.

చీనీ శ్రీలంక దాకా దిగింది. సింహళంలో ‘సీని’, అక్కడి తమిళంలోనూ, దక్షిణ తమిళనాడులోనూ ‘సీని’. తెలుగులో మాత్రం చక్కెర కుర్చీని అది లాక్కోలేకపోయింది. రాయలసీమలో చీనీ అంటే పండు. అనంతపురం జిల్లాలో ‘చీనీ తోటలు’ అంటే తీపి నారింజ జాతి తోటలు. అదే పండును కోస్తాలో బత్తాయి అంటారు, డచ్చివాళ్ల బటేవియా (ఇప్పటి జకార్తా) రేవు పేరు మీదుగా వచ్చిన మాట అని చెబుతారు. జ్యూస్ బండి దగ్గర మొసంబి అంటారు, అది మొజాంబిక్ పేరు. ఒక్క కాయకు మూడు దూరదేశాల పేర్లు. ఓడ ఎక్కడి నుంచి వచ్చిందంటే సరుకు అక్కడిదే అనుకోవడం అంగడికి ఎప్పుడూ ఉన్న అలవాటు.

తూర్పున సముద్రం దాటినవాళ్లు వరుసలో ఇంకా ముందరి మెట్టు దగ్గరే మాట అందుకున్నారు. మలయ్, ఇండోనేషియా భాషల్లో చక్కెర ‘గుల’, అది సంస్కృత ‘గుడం’. అక్కడ తాటిజాతి చెట్ల నీరా కాచి చేసే బెల్లమే ముఖ్యమైన తీపి కాబట్టి ఉండ అన్న మాటే సరిపోయింది, తర్వాత తెల్ల చక్కెర వచ్చినా అదే పేరు కింద సర్దుకుంది. థాయ్‌లాండ్ వాళ్లు పరాయి పేరే పెట్టుకోలేదు. ‘నామ్ తాన్’ అంటే తాటి నీరు. ఇవాళ చెరకు చక్కెర ఎగుమతిలో ప్రపంచంలోని పెద్ద దేశాల్లో ఒకటైన థాయ్‌లాండ్, దాన్ని ఇంకా తాటి నీరు అనే పిలుస్తోంది.

తెలుగు నోట

తెలుగులో చక్కెర ప్రాకృత రూపమే. తెలంగాణలో ఉర్దూ పక్కనే ఉండటం వల్ల ‘శక్కర’, ‘శక్కెర’ అనీ వినిపిస్తుంది. 1930ల్లో నిజాం కాలంలో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టినప్పుడు దాని చుట్టూ వెలసిన ఊరి పేరు ‘శక్కర్‌నగర్’. కోస్తాలో పంచదార ఎక్కువ. ఐదు ధారలుగా కారుతుందని, ఐదుసార్లు వడగడతారని ఈ మాటకు కథలు చెబుతారు. మలయాళంలో అదే మాట ‘పంచసార’ అని ఉండటం చూస్తే, ధారల కథ మాటను విన్నాక అల్లిందేమో అనిపిస్తుంది. సార పక్కనే ఉండగా ధార ఒక్కదాన్నే పట్టుకుని అర్థం చెప్పడం కుదరదు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. కేరళలోనూ కోస్తాలోనూ తెల్లదానికి కొత్త మాట వచ్చింది. కేరళలో కొత్త మాట రాగానే పాత శర్కర బెల్లానికి దిగిపోయింది. తెలుగులో బెల్లం అన్న గట్టి సొంత మాట అడ్డంగా ఉంది. తమిళంలో ‘వెల్లం’, కన్నడలో ‘బెల్ల’ దాని చుట్టాలు. కాబట్టి చక్కెర కిందికి దిగడానికి ఖాళీ లేక పంచదారతో సమానంగా పైనే ఉండిపోయింది. చక్కెర పొంగలిలో మాత్రం, తమిళుల ‘సర్క్కరై పొంగల్’లో లాగానే, పాత అర్థం గుడి ప్రసాదం పట్టుకుని బతికింది.

నుడికారంలో బెల్లానికీ చక్కెరకూ హోదా తేడా బాగా తెలుస్తుంది. శుభవార్త చెబితే ‘నీ నోట్లో పంచదార పొయ్య’ అంటారు, బెల్లం పెట్టమని ఎవరూ అనరు. మేలు మీద మేలు జరిగితే ‘చక్కెర పందిట్లో తేనెవాన’. అదే బెల్లం అయితే చుట్టూ ఈగలు మూగుతాయి. ఎంత అడిగినా నోరు విప్పనివాడు ‘బెల్లం కొట్టిన రాయి’. పండగకీ పబ్బానికీ కొనే సరుకుకు ఒక మర్యాద, ఇంట్లో ఎప్పుడూ ఉండే సరుకుకు ఇంకో మర్యాద.

మాటకు పట్టిన జబ్బు

ఇప్పుడు తెలుగువాళ్ల నోట ఈ కుటుంబంలోంచి ఎక్కువగా వినిపించే మాట చక్కెర కాదు, ‘షుగర్’. అదీ జబ్బు పేరుగా. ‘ఆయనకు షుగర్ ఉంది’, ‘పొద్దున చూపిస్తే షుగర్ రెండొందలు ఉంది’. డబ్బాలోది పంచదార, ఒంట్లోది షుగర్. ఇలా పని పంచుకోవడం తెలుగుకే పరిమితం కాదు. తమిళంలో ‘సర్క్కరై నోయ్’, టర్కీలో ‘షెకర్ జబ్బు’, జర్మన్ వాడుకలో ‘అతనికి సుకర్ ఉంది’ అంటే మధుమేహమే. స్వాహిలీలో సుకరికి ముందు ‘కి’ చేర్చి ‘కిసుకరి’ అంటే ఈ జబ్బు పేరు. పాత వైద్యులు మాత్రం తీపి అంటే తేనె అనే లెక్కలోనే పేరు పెట్టారు. మన ‘మధుమేహం’లో మధువు, ‘డయాబెటిస్ మెల్లిటస్’లోని లాటిన్ మాట ‘మెల్లిటస్’లో తేనె. ఇక్కడ ఒక చిక్కు ఉంది. సుశ్రుతుడి పుస్తకంలో ‘శర్కర’ అనే జబ్బు కనిపిస్తే అది ఈ చక్కెర వ్యాధి అనుకోకూడదు, అది ముందు చెప్పిన మూత్రంలో రాళ్ల జబ్బు. రెండు జబ్బులూ మూత్రంలోనే బయటపడటం వల్ల పొరబడటం మరీ సులభం.

ఈ జబ్బు ఉన్నవాళ్లు వాడుకున్న తొలి కృత్రిమ తీపి పేరులోనూ ఇదే మాట ఉంది. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఐరా రెమ్సెన్ ల్యాబులో పనిచేస్తున్న కాన్‌స్టంటీన్ ఫాల్‌బర్గ్, చేతులు సరిగ్గా కడుక్కోకుండా భోజనానికి కూర్చున్నాడు. రొట్టె తియ్యగా తగిలింది. ల్యాబుకు తిరిగొచ్చి తారు నుంచి తీసిన పదార్థాలతో చేసిన రసాయనాల్లో అది ఏదో వెతికి పట్టుకున్నాడు. చక్కెరకంటే కొన్ని వందల రెట్లు తీపి. దానికి గ్రీకు, లాటిన్‌ల పాత సాక్ఖరోన్‌ను బయటికి తీసి ‘శాకరిన్’ అని పేరు పెట్టాడు. చెరకుతో సంబంధం లేని పదార్థానికి చెరకు పలుకు పేరు.

ఆ పేరు మీద తర్వాత అమెరికా అధ్యక్షుడి గదిలోనే గొడవైంది. వ్యవసాయ శాఖ ముఖ్య రసాయన శాస్త్రవేత్త హార్వీ వైలీ, శాకరిన్ వేసిన డబ్బా మొక్కజొన్న తినేవాళ్లు తాము తింటున్నది చక్కెర అనుకుంటున్నారనీ, నిజానికి తింటున్నది బొగ్గుతారు సరుకు అనీ, అది ఒంటికి హాని అనీ థియోడర్ రూజ్‌వెల్ట్‌తో వాదించాడు. రూజ్‌వెల్ట్‌కు వాళ్ల డాక్టరు రోజూ శాకరిన్ ఇస్తున్నాడు. అది హానికరమనేవాడు మూర్ఖుడని అధ్యక్షుడు ముఖం మీదే అనేశాడు. అధ్యక్షుడి దగ్గర తన మాటకున్న విలువ ఆ రోజుతో పోయిందని వైలీ తర్వాత రాసుకున్నాడు.